శనివారం శాన్‌డౌన్ కార్డు: జంప్ రేసుల షీటు, వారం డైరీ

మంగళవారం: షీటుకి పునాది

ఈ వారం పని ఒక్కటే. లండన్ పక్కన ఈషర్‌లో ఉన్న శాన్‌డౌన్ పార్కులో శనివారం ఏడు జంప్ రేసులున్నాయి. ఆ కార్డు మొత్తం ఒక స్ప్రెడ్‌షీటులోకి ఎక్కించి, ప్రతి గుర్రానికీ గెలిచే అవకాశం ఎంత శాతమో తేల్చాలి. ఏడు రేసులకీ ఏడుగురు విన్నర్లని చెప్పడం మాత్రం లక్ష్యం కాదు. ఏ రేసు జోలికి పోకూడదో షీటు ముందు చెప్పాలి. ఏడింటిలో మూడు మిగిలాయంటే మంచి కార్డు కిందే లెక్క. డబ్బు పెట్టే పని ఇందులో లేదు, అంతా కాగితం మీదే.

మలక్‌పేట రేస్ బుక్ చదివే అలవాటు ఉన్నవాళ్లకి మొదట రెండు మూడు తేడాలు తగులుతాయి. అక్కడ అన్నీ ఫ్లాట్ (అడ్డంకులు లేని) రేసులు. దూరం మీటర్లలో, బరువు కిలోల్లో. ఇక్కడ దూరం మైళ్లు, ఫర్లాంగుల్లో ఉంటుంది, 8 ఫర్లాంగులు ఒక మైలు. బరువు స్టోన్లు, పౌండ్లలో ఉంటుంది, 14 పౌండ్లు ఒక స్టోన్. మలక్‌పేటలో 1200 మీటర్ల రేసు నిమిషం పావులోపే తేలిపోతుంది. ఇక్కడ రెండు మైళ్ల రేసంటే పొట్టిది, దానికే నాలుగు నిమిషాలు కావాలి. స్టార్టింగ్ స్టాల్స్ ఉండవు కాబట్టి డ్రా (ఏ స్టాల్ నుంచి బయల్దేరుతుందో) కాలమ్ మొదటి గంటలోనే తీసేశాం.

రెండో గంట అంతా బరువుల కాలమ్‌తోనే సరిపోయింది. 11 స్టోన్ 7 పౌండ్లని 11-7 అని రాస్తారు. అలాగే ఎక్కిస్తే షీటు దాన్ని తారీఖు అనుకుని నవంబరు 7 గానో జులై 11 గానో మార్చేస్తుంది. 7/2 ధర (2 పెడితే 7 లాభం) ఫిబ్రవరిలోకో జులైలోకో పోతుంది. ఫారం (పాత పరుగుల ఫలితాలు) అంకెలు 0తో మొదలైతే ఆ సున్నా మాయం. ఒకసారి మారాక వెనక్కి తెచ్చే దారి లేదు, సెల్ లోపల తారీఖు నంబరే మిగులుతుంది. డేటా ఎక్కించకముందే ఆ మూడు కాలమ్స్‌నీ టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. తరవాత స్టోన్ భాగాన్ని 14తో గుణించి పౌండ్లు కలిపితే వాడుకోదగ్గ సంఖ్య వస్తుంది: 11-7 అంటే 161.

మంగళవారమే మొదలుపెట్టడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో అధికారిక హ్యాండిక్యాప్ రేటింగులు (గుర్రం ఎంత మంచిదో పౌండ్లలో చెప్పే అంకెలు, ఎక్కువ ఉన్నది ఎక్కువ బరువు మోస్తుంది) మంగళవారం కొత్తగా వస్తాయి. పోయిన వారం గెలిచిన గుర్రానికి పెరుగుతాయి, వరసగా తేలిపోయినదానికి తగ్గుతాయి. శనివారం రేసుకి బరువులు ఖరారయ్యాక మధ్యలో ఏదైనా గుర్రం గెలిస్తే, కొత్త రేటింగు వచ్చేలోపు అది రేసు షరతుల్లో రాసి ఉన్న పెనాల్టీ (అదనపు బరువు) మాత్రమే మోస్తుంది. గెలుపు విలువ 10 పౌండ్లు అనిపించి పెనాల్టీ 5 పౌండ్లే అయితే మిగతా 5 ఆ గుర్రానికి లాభం. దీనికి విడిగా ఒక కాలమ్ పెట్టాం. హర్డిల్స్ (పొట్టి అడ్డంకుల రేసులు) రేటింగు వేరు, చేజ్ (పెద్ద ఫెన్సుల రేసులు) రేటింగు వేరు. ఒకే గుర్రానికి రెండూ ఉంటాయి, కలిపితే లెక్కంతా పాడవుతుంది.

బుధవారం: ఫారం అక్షరాలు

ఫారం వరసలో అన్నిటికన్నా కొత్త పరుగు కుడి చివర ఉంటుంది. 1 నుంచి 9 దాకా స్థానం, 0 అంటే పదో స్థానం లేదా ఇంకా వెనక. అడ్డగీత కిందటి సీజన్‌ని విడదీస్తుంది. వాలు గీత ఉంటే మధ్యలో ఒక సీజన్ మొత్తం పరిగెత్తలేదని.

జంప్ రేసుల్లో అసలు సమాచారం అంకెల్లో కన్నా అక్షరాల్లో ఎక్కువ. ఎఫ్ అంటే గుర్రం పడింది. యు అంటే జాకీ జారిపోయాడు. బి అంటే ఎదుట పడినదాన్ని తగిలి ఇది కూలింది. పి అంటే జాకీయే లాగి ఆపేశాడు. ఆర్ అంటే దూకనని మొండికేసింది. మొదటి వెర్షన్‌లో వీటన్నిటినీ ‘పూర్తి చేయలేదు’ అని ఒకే గంపలో వేశాం, అది తప్పు. ఎఫ్, యు దూకే నైపుణ్యం లెక్కలోకి వస్తాయి. పి ఎక్కువగా నేల, దూరం, శ్వాస, ఫిట్‌నెస్ సంగతి చెబుతుంది. బి గుర్రం తప్పు కాదు, దాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి. ఆర్ ఒక్కసారి కనిపించినా ఆ గుర్రాన్ని ఎర్ర రంగులో పెట్టాం, ఆ బుద్ధి మళ్లీ బయటపడే రకం.

పడే అవకాశాన్ని ఎలా కట్టాలన్నదే బుధవారం అసలు చిక్కు. ఒక్క చేజ్‌లోనే దిగి అందులో పడిన కుర్ర గుర్రానికి నేరుగా లెక్కిస్తే 100 శాతం వస్తుంది, అది అర్థం లేని మాట. అందుకని ప్రతి గుర్రం ఖాతాలో ముందే 20 ఊహా పరుగులు, ఒక పడటం వేశాం. 12 చేజ్‌ల్లో రెండుసార్లు (ఒక ఎఫ్, ఒక యు) పోయిన గుర్రానికి (2+1)/(12+20), అంటే 9.4 శాతం. ఒక్క పరుగులో పడినదానికి 2/21, అంటే 9.5. రెండూ దాదాపు సమానంగా రావడం చూసి మొదట ఇబ్బందిగా అనిపించింది. ఆలోచిస్తే సబబే: మొదటిదాని మీద సాక్ష్యం ఉంది, రెండోదాని మీద అనుమానం మాత్రమే ఉంది. 20 అన్నది మేం పెట్టుకున్న ఊహ. హర్డిల్స్‌కి దీన్ని 40 చేశాం. హర్డిల్ కనీస ఎత్తు మూడున్నర అడుగులు, తగిలితే వాలుతుంది. చేజ్ ఫెన్స్ నాలుగున్నర అడుగులు, అంత తేలిగ్గా క్షమించదు.

హర్డిల్స్‌లో పడవు కదా అని ఈ కాలమ్‌ని తీసేయాలనిపిస్తుంది. 2025 మార్చిలో చెల్టెన్‌హామ్ ఛాంపియన్ హర్డిల్ చూసినవాళ్లు ఆ మాట అనరు. అందరూ గెలుస్తుందనుకున్న కాన్‌స్టిట్యూషన్ హిల్ మధ్యలోనే పడింది. ముందున్న స్టేట్ మ్యాన్ చిట్టచివరి హర్డిల్ దగ్గర పడింది. 25/1 ధరలో ఉన్న గోల్డెన్ ఏస్ అనే ఆడ గుర్రం గెలిచింది. ఏ రేటింగు షీటూ దాన్ని మొదట పెట్టి ఉండదు, పెట్టకపోవడం తప్పూ కాదు. కానీ దానికి సున్నా పక్కన శాతం వేసిన షీటు మాత్రం తప్పే.

ఇంకో చిన్న కాలమ్: గుర్రం తలకి తగిలించే పరికరాలు. చీక్‌పీసెస్, బ్లింకర్స్, హుడ్, టంగ్ టై, వీటిలో ఏదైనా మొదటిసారి పెడితే రేస్‌కార్డులో అక్షరం పక్కన 1 ఉంటుంది. శ్వాసనాళానికి ఆపరేషన్ అయ్యాక మొదటి పరుగైతే ఆ విషయం 2018 నుంచి ప్రకటించి తీరాలి. వరసగా రెండు పిలు ఉండి, ఇప్పుడు ఆపరేషన్ గుర్తు కనిపిస్తే పాత పిల బరువు సగానికి తగ్గించాం.

గురువారం: నేల, దారి

శాన్‌డౌన్ కుడి చేతి వైపు తిరిగే కోర్సు, చుట్టు మైలు ఐదు ఫర్లాంగుల చిల్లర. వెనక వైపు నేరుగా సాగే భాగంలో, రైలు పట్టాల పక్కనే, మూడు ఫెన్సులు ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటినే రైల్వే ఫెన్సులంటారు. మొదటిదాని దగ్గర అడుగు తప్పితే సర్దుకోవడానికి చోటు లేదు, ఆ తప్పు మూడోదాని దాకా వెంట వస్తుంది. అక్కడి నుంచి మలుపు, పాండ్ ఫెన్స్, ఆపైన ఇంకో రెండు, ఆ తరవాత ఎత్తు ఎక్కుతూ ముగింపు. టీవీలో చూస్తే చివరి ఫెన్స్ దగ్గర ముందున్నదే గెలుస్తుందనిపిస్తుంది. ఆ ఎక్కుడులోనే చాలా రేసులు తారుమారవుతాయి.

కెంప్టన్ కూడా కుడి చేతి కోర్సే గానీ చదునుగా, పదునైన మలుపులతో ఉంటుంది. అక్కడ రెండున్నర మైళ్లు గెలిచిన గుర్రానికి ఇక్కడి రెండున్నర మైళ్లు ఇంకో ఫర్లాంగు ఎక్కువ లాగినట్టే. షీటులో కోర్సులకి మూడే గుర్తులు పెట్టాం: కుడి/ఎడమ, ఎక్కుడు ముగింపు ఉందా లేదా, విశాలమా ఇరుకా. అంతకన్నా ముక్కలు చేస్తే ఒక్కో గడిలో ఒక్కో పరుగే మిగిలి లెక్క నిలబడదు. ఎడమ, కుడి అన్నది నియమం కాదు, మొగ్గు. డెజర్ట్ ఆర్కిడ్ కెంప్టన్‌లో కింగ్ జార్జ్ ఛేజ్ నాలుగుసార్లు గెలిచింది. కుడి చేతి గుర్రమని పేరు, ఎడమ కోర్సుల్లో కుడి వైపుకి ఒరిగి దూకేది. అయినా 1989లో ఎడమ తిరిగే చెల్టెన్‌హామ్‌లో, బురద నేల మీద గోల్డ్ కప్ కొట్టింది. అందుకని దిశ తేడాకి 3 పౌండ్లకి మించి కోత పెట్టలేదు.

నేల సంగతి ఇంకా గట్టిది. శాన్‌డౌన్‌లో చేజ్ ట్రాక్, హర్డిల్ ట్రాక్ వేరు వేరు. ఒకే రోజు ఒకటి సాఫ్ట్ (మెత్తన), ఇంకోటి హెవీ (బురద) అని రావచ్చు. కార్డు పైన ఉన్న ఒక్క మాట చూసి ఏడు రేసులకీ అదే వేస్తే సగం కార్డు తప్పుతుంది. ప్రతి గుర్రానికీ రెండు సంఖ్యలు తీశాం: గుడ్ లేదా అంతకన్నా గట్టి నేల మీద అత్యుత్తమ ప్రదర్శన, సాఫ్ట్ లేదా హెవీ మీద అత్యుత్తమ ప్రదర్శన. సాఫ్ట్ మీద ఎప్పుడూ పరిగెత్తకపోతే ఆ గడి ఖాళీగా ఉండాలి. ఇక్కడ ఒక పాత ఫార్ములా ఖాళీని సున్నాగా తీసుకుని మంచి గుర్రాలని అడుగుకి తోసేసింది. ఖాళీ గడులున్నవి మూడింట ఒక వంతు దాటితే రేసు మొత్తాన్నే వదిలేయాలన్న నియమం అప్పుడే పెట్టుకున్నాం.

ఎంత దూరంలో ఓడిందన్నది పౌండ్లలోకి మార్చాలి. రెండు, రెండున్నర మైళ్ల జంప్ రేసులకి ఒక లెంగ్త్‌కి (ఒక గుర్రం పొడవు) ఒక పౌండు అన్న మోటు లెక్క సరిపోతుంది. మూడు మైళ్లు దాటితే పౌండు కన్నా తక్కువ. బురద నేల మీద మాత్రం జాగ్రత్త. అలిసిపోయిన గుర్రాన్ని జాకీ ఇక తొందరపెట్టడు, అది 30 లెంగ్త్‌ల వెనక నడిచి వస్తుంది. దాన్ని 30 పౌండ్ల చేతకానితనంగా రాస్తే పొరపాటు. 12 లెంగ్త్‌లు దాటాక ప్రతిదాన్నీ సగమే లెక్కించాం.

టైములు పక్కన పెట్టాం. ట్రాక్ పాడవకుండా లోపలి రైలింగ్ జరుపుతారు, దాంతో రేసు దూరం పెరుగుతుంది. 60 గజాలు పెరిగితే నాలుగు సెకన్ల చిల్లర. ఆ సవరణ లేకుండా పాత టైముతో పోలిస్తే గుర్రం 20 లెంగ్త్‌లు మందగించినట్టు కనిపిస్తుంది. ప్రతి కార్డుకీ ఎంత జరిపారో ప్రకటిస్తారు గానీ, పాత పరుగులన్నిటికీ తవ్వి తీయడం ఈ వారంలో తెమిలే పని కాదు.

శుక్రవారం, మధ్యాహ్నం మూడున్నర: డిక్లరేషన్లు

మామూలు జంప్ రేసులకి ముందు రోజు ఉదయం 10 గంటలకల్లా ఎవరు పరిగెత్తుతున్నారో ఖాయం చేయాలి. చలికాలంలో మన టైము ఐదున్నర గంటలు ముందు, అంటే మధ్యాహ్నం 3:30. మార్చి చివరి ఆదివారం వాళ్ల గడియారాలు మారాక ఇది 2:30 అవుతుంది.

జాబితా రాగానే చూడాల్సింది టాప్ వెయిట్ నిలిచిందా లేదా అన్నది. పై బరువు గుర్రం తప్పుకుంటే మిగతావాటి బరువులన్నీ ఒకేలా పైకి జరుగుతాయి. గుర్రాల మధ్య తేడా మారదు, అందుకే మేం లెక్క బరువులతో కాక రేటింగులతో కడతాం. మారేది కింది వరసలోవాళ్ల సంగతి. హ్యాండిక్యాప్‌లో అడుగు బరువు 10 స్టోన్ అనుకుందాం. రేటింగు ప్రకారం 9 స్టోన్ 9 మోయాల్సిన గుర్రం కూడా 10 స్టోన్ మోస్తుంది, అంటే 5 పౌండ్లు నష్టం. బరువులు పైకి జరిగితే ఆ నష్టం పోతుంది.

ఏడు రేసులనీ జల్లించాం. కుర్ర గుర్రాల హర్డిల్‌లో సగానికి సగం కొత్తవి, ఫ్లాట్ నుంచి ఇప్పుడే వచ్చాయి, వదిలేశాం. చివరిదైన బంపర్‌లో అడ్డంకులే ఉండవు, గుర్రాలకి ఫారం పెద్దగా ఉండదు, అదీ వదిలేశాం. నలుగురే ఉన్న నొవిస్ (చేజ్‌లకి కొత్త గుర్రాల) చేజ్‌లో ధరలు బిగిసిపోయి ఉంటాయి, మూడోది పోయింది. 17 గుర్రాల హ్యాండిక్యాప్ హర్డిల్‌లో ఆరింటికి సాఫ్ట్ గడి ఖాళీ, నియమం ప్రకారం అదీ పోయింది. మిగిలింది మూడు.

శుక్రవారం రాత్రి: ఒక రేసు దగ్గరగా

రెండున్నర మైళ్ల హ్యాండిక్యాప్ చేజ్, 8 గుర్రాలు. పేర్లు వదిలేసి, అంకెలు గుండ్రంగా చేసి, లెక్క నడిచే తీరు మాత్రం చూపిస్తున్నాం.

పోయిన నెల ఇదే దూరం మీద ‘క’ అనేది ‘చ’ని 6 లెంగ్త్‌ల తేడాతో ఓడించింది. అప్పుడు క మోసింది 10-12 (152 పౌండ్లు), చ మోసింది 11-6 (160). చ 8 పౌండ్లు ఎక్కువ మోసి ఓడింది. గెలిచినందుకు క రేటింగు 7 పెరిగింది, చకి 1 తగ్గింది. రేపు రెండూ 11-5. చ వైపు 8 పౌండ్లు తిరిగాయి, ఓడింది 6 పౌండ్లతో. కాగితం మీద చ 2 పౌండ్లు ముందు.

చ మీద కండిషనల్ (ఇంకా నేర్చుకుంటున్న) జాకీ ఉన్నాడు, 5 పౌండ్ల రాయితీ. 20 గెలుపుల దాకా 7, 40 దాకా 5, 75 దాకా 3. మొత్తం 5 కలిపేయడమే అందరూ చేసే పొరపాటు. అనుభవం తక్కువ కాబట్టే ఆ రాయితీ ఇస్తున్నారు, రైల్వే ఫెన్సుల దగ్గర ఆ లోటు బయటపడుతుంది. 2 మాత్రమే కలిపాం. దాంతో చ 4 ముందు. క అప్పుడు చివరి వంద గజాలు లగాము పట్టుకునే గెలిచింది, దానికి 2 వెనక్కి ఇచ్చాం. చివరికి చ 2 పౌండ్లు ముందు.

మిగతా ఆరింటికీ ఇలాగే కడితే, చ కన్నా వెనక ఉన్న పౌండ్లు ఇలా వచ్చాయి: క 2, తరవాత 4, 5, 7, 9, 12, 16. పౌండ్లని అవకాశంగా మార్చడానికి ఒక్కో పౌండుకి 1.1తో భాగించుకుంటూ పోయాం. అంటే 7 పౌండ్ల తేడా ఉంటే అవకాశం దాదాపు సగం. మొత్తంతో భాగిస్తే చకి 21.7 శాతం, కకి 18.0.

ఇప్పుడు పడే లెక్క. చ బుధవారం చూసిన 12 చేజ్‌ల గుర్రమే, పడకుండా నిలిచే అవకాశం 0.906. క 8 చేజ్‌ల్లో ఒక్కసారీ పడలేదు: 1/28, నిలిచేది 0.964. మిగతావాటికి సగటున 0.95. గుణించి అక్కడితో ఆపితే మొత్తం 94 చిల్లర వస్తుంది. పడినవాళ్ల వాటా ఎవరికీ చెందకుండా గాల్లో ఉండిపోతుంది. మళ్లీ మొత్తంతో భాగించాలి. అప్పుడు చ 20.9, క 18.4. తేడా నాలుగు నుంచి రెండున్నరకి దిగింది, దూకడం ధర అదే.

ధరల వైపు చూస్తే 11/4, 7/2, 9/2, 6/1, 8/1, 10/1, 14/1, 25/1 ఉన్నాయి. ధరని శాతం చేయడానికి కింది అంకెని రెండు అంకెల మొత్తంతో భాగించాలి: 7/2 అంటే 2/9, 22.2 శాతం. ఎనిమిదీ కలిపితే 112.1. పైన ఉన్న 12.1 బుక్‌మేకర్ వాటా. క 11/4 ఫేవరెట్, 26.7 శాతం అడుగుతున్నారు. మా లెక్క 18.4. చ 6/1, 14.3 శాతం అడుగుతున్నారు. మా లెక్క 20.9. మా అంకె వాళ్ల అంకె కన్నా కనీసం పావు వంతు ఎక్కువ ఉంటేనే గుర్తు పెడతాం. 14.3కి పావు కలిపితే 17.9, చ దాటింది, గుర్తు పడింది.

శనివారం ఉదయం

రాత్రి వాన లేదు, చేజ్ ట్రాక్ సాఫ్ట్ నుంచి గుడ్ టు సాఫ్ట్‌కి మారింది. బురద కోసమే వచ్చిన 14/1 గుర్రాన్ని తప్పించారు. ఎనిమిది ఏడు అయ్యాయి, ఇక్కడే ఈచ్-వే (గెలుపుకి సగం, ప్లేస్‌కి సగం వేసే పందెం) లెక్క కూలుతుంది. 8 మంది ఉంటే మొదటి మూడు స్థానాలకి ప్లేస్ ఉంది, 7కి దిగితే రెండింటికే. అసలు గెలవని గుర్రం తప్పుకున్నా ప్లేస్ అవకాశాలన్నీ మారిపోతాయి. సరిగ్గా 8 డిక్లరేషన్లున్న రేసులకి షీటులో పసుపు రంగు పెట్టడం ఇందుకే.

చ ధర పదిన్నరకల్లా 9/2కి వచ్చింది. అంటే 18.2 శాతం, పావు కలిపితే 22.7. ఏడుగురితో మళ్లీ కడితే చకి 22.3. దాటలేదు, గుర్తు తీసేశాం. గెలిచే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ ఉన్న గుర్రం ఇప్పటికీ అదే. షీటులో ఈ రెండూ వేరే కాలమ్స్, ‘మొదటి ఎంపిక’, ‘ధర సరిపోయింది’. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు. మిగతా రెండు రేసుల్లో ఒకదానికే రెండు కాలమ్స్‌లోనూ అవును పడింది.

శనివారం సాయంత్రం

షీటులో లేనిది ఒకటి ఎదురైంది. చలికాలం మధ్యాహ్నాలు సూర్యుడు కిందికి దిగి జాకీల కళ్లలో కొడితే, ఆ వైపు అడ్డంకుల్ని దాటించకుండా పక్కనుంచి పోనిస్తారు. ముగింపు వైపు ఫెన్సులు తీసేస్తే చివరి పరుగు బారెడు పొడుగవుతుంది. దూకడంలో మేలైన గుర్రానికి నష్టం, వేగం ఉన్నదానికి లాభం. ఈ మాట రేసు ముందు గంటలోనే తెలుస్తుంది.

రేసు అయ్యాక ఎక్కించాల్సినవి: ఎన్ని లెంగ్త్‌లు, ఏ నేల, ఎన్ని ఫెన్సులు దూకారు, పడినదైతే ఎన్నో ఫెన్స్ దగ్గర, అప్పుడు ఎలా పరిగెత్తుతోంది. చివరిది చాలామంది రాయరు. అలిసి ఆఖరి స్థానంలో పడినదానికీ, లగాము మీద హాయిగా వస్తూ పడినదానికీ ఫారంలో ఒకటే ఎఫ్. రెండోదాని రేటింగు ఆ పరుగులో దిగదు.

వచ్చే మంగళవారానికి మిగిలినవి: ఫెన్సులు తీసేసిన రేసుకి పడే శాతాన్ని దూకిన వాటి సంఖ్యని బట్టి తగ్గించే ఫార్ములా, కండిషనల్ రాయితీలో ఎంత కలపాలో ఎత్తు కోర్సులకీ చదును కోర్సులకీ వేరుగా పెట్టడం, 12 లెంగ్త్‌ల తరవాత సగం అన్న నియమాన్ని గుడ్ నేల మీద 20కి జరపడం.